అమెరికా ఆర్డరు లేసుని ‘గిఫ్ట్’ అని రాసి కొరియర్లో పంపొచ్చా?

అడిగిన చెల్లెలి ప్రశ్న క్లుప్తంగా ఇది. మొగల్తూరు దగ్గర పల్లెటూరు. తను, అత్తగారు, వీధిలో ఇంకో ఏడుగురు ఆడవాళ్లు లేసు అల్లుతారు. ఇన్నాళ్లూ అల్లింది ఏజెంటు చేతికే ఇచ్చారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటోలు పెడితే డల్లాస్ నుంచి ఒకావిడ మూడు గుండ్రటి టేబుల్ క్లాత్‌లు, జర్మనీ నుంచి ఇంకొకరు కర్టెన్లు అడిగారు. కొరియర్ కుర్రాడు “గిఫ్ట్ అని రాసి ఇరవై డాలర్లు వేసేయండి, ఏ కాగితమూ అక్కర్లేదు” అన్నాడట. డబ్బులేమో అమెరికాలో ఉన్న మరిది ఖాతాలో వేయించుకుంటే ఆయన ఇంటికి పంపిస్తాడు. ఇలా చేయొచ్చా, లైసెన్సు తీసుకోవాల్సి వస్తే ఎవరి పేరున తీసుకోవాలి అన్నది ప్రశ్న.

వద్దమ్మా, అలా పంపకండి. డబ్బు తీసుకుని ఇచ్చింది గిఫ్ట్ అవదు. ఐఈసీ, అంటే ఎగుమతి-దిగుమతి వ్యాపారానికి ప్రభుత్వమిచ్చే నంబరు, తీసుకోండి. ఉన్న సరుకుని ఉన్నట్టు, అమ్మిన ధరని అమ్మినట్టు ఇన్వాయిస్‌లో రాయండి. కొరియర్ ద్వారా గానీ పోస్టాఫీసు ద్వారా గానీ వ్యాపార పార్శిల్‌గానే పంపండి. డబ్బు మీ కరెంటు ఖాతాలోనే పడాలి. కాగితాలన్నీ అమరడానికి నెలో నెలన్నరో పడుతుంది. డల్లాస్ ఆవిడకి ఆ మాట ఇప్పుడే చెప్పేయండి. చేత్తో అల్లిన టేబుల్ క్లాత్ కోసం ఎదురుచూసే మనిషి ఆ నెల కూడా ఆగుతారు.

నేను నర్సాపురంలో ఒక లేసు గోడౌన్‌లో ప్యాకింగ్ బల్ల దగ్గర పనిలో చేరాను. ఇరవై రెండేళ్లుగా ఇన్వాయిస్‌లు, షిప్పింగ్ బిల్లులు రాయడమే నా పని. మా అమ్మ కూడా లేసు అల్లింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

గిఫ్ట్ అని రాస్తే ఏమవుతుంది

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం ప్రకారం ఐఈసీ లేకుండా ఎగుమతి వ్యాపారం చేయకూడదు. సరుకు వివరం, విలువ తప్పుగా చూపిస్తే 1962 కస్టమ్స్ చట్టం 113వ సెక్షన్ కింద సరుకు జప్తు చేయొచ్చు, 114 కింద జరిమానా వేయొచ్చు. “ఇంత చిన్న పార్శిల్‌ని ఎవరు చూస్తారు” అంటారు. నిజమే, పదింట్లో తొమ్మిది వెళ్లిపోతాయి. పదోది పోయినప్పుడు ఏం జరుగుతుందో నేను చూశాను.

నేను కొత్తగా సొంతంగా కాగితాల పని మొదలుపెట్టిన రోజుల్లో సీతారామపురం వైపు ఒకావిడ బెడ్ కవర్ పంపింది. పెద్ద డబుల్ కాట్ సైజు. ముగ్గురు ఆడవాళ్లు నాలుగు నెలలు అల్లిన పువ్వులన్నీ కలిపి కుట్టింది. దాని మీద గిఫ్ట్ అని, 25 డాలర్లని నేనే రాశాను. అప్పట్లో అందరూ అలాగే రాసేవారు, నాకూ తప్పనిపించలేదు. పార్శిల్ దారిలో ఎక్కడో పోయింది. కొరియర్ వాళ్లని అడిగితే కాగితం మీదున్న 25 డాలర్ల లెక్కే చూపించారు. వాళ్లది తప్పని అనలేకపోయాను, ఆ అంకె రాసింది నా చెయ్యే. కొనుక్కున్నావిడ తన డబ్బు తను వెనక్కి తీసుకుంది. ముగ్గురి నాలుగు నెలల కష్టం అలా పోయింది. ఆ తర్వాత మళ్లీ ఎవరికీ అబద్ధం విలువ రాసివ్వలేదు.

ఇంకో సంగతి. అమెరికాలో 100 డాలర్ల లోపు నిజమైన బహుమతులకి సుంకం మినహాయింపు ఉంది. మనిషి మనిషికి ఊరికే ఇచ్చే వాటికే అది. మీ ఇన్‌స్టా పేజీలో ధర కనిపిస్తుండగా, అదే ఫోటోలో ఉన్న టేబుల్ క్లాత్‌ని గిఫ్ట్ అంటే అక్కడ పెట్టె విప్పినవాళ్లు నమ్మరు. చిక్కుల్లో పడేది మీరొక్కరే కాదు, డల్లాస్ ఆవిడ కూడా.

సుంకం ఎవరు కడతారో ధర చెప్పేటప్పుడే తేల్చుకోండి

ఇదివరకు 800 డాలర్ల లోపు పార్శిళ్లకి అమెరికాలో సుంకమే ఉండేది కాదు. మన చిన్న లేసు వ్యాపారాలు దాని మీదే బతికాయి. 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ ఆ మినహాయింపు ఆపేశారు. అదే నెలలో మన దేశపు సరుకు మీద అదనపు సుంకం 7వ తేదీన 25 శాతం, 27వ తేదీన ఇంకో 25 శాతం వేశారు. మన తపాలా శాఖ కూడా ఆగస్టు 25 నుంచి అమెరికా పార్శిళ్లు చాలావరకు ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆ రెండు నెలలూ మా బల్ల మీద కట్టి ఉంచిన పార్శిళ్లు అలాగే ఉండిపోయాయి. వర్షాకాలం, పైగా గోదావరి గాలి తేమ. తెల్ల దారం పసుపు తిరగకుండా వారానికోసారి విప్పి ఆరబెట్టి మళ్లీ మడతపెట్టాం.

ఆ సుంకాల శాతాలు తర్వాత మళ్లీ మారాయి, ఇంకా మారొచ్చు. కాబట్టి పాత పోస్టుల్లో ఉన్న అంకెని, ఇక్కడ నేను రాసిన అంకెని కూడా, పట్టుకుని ధర కట్టకండి. పంపే వారంలో కొరియర్‌నో పోస్టాఫీసునో అడిగి ఆ రోజు రేటు రాసుకోండి.

మీ ఆర్డరునే తీసుకుందాం. టేబుల్ క్లాత్ ఒక్కోటి 140 డాలర్లనుకుంటే మూడూ కలిపి 420. 50 శాతం సుంకం ఉన్నప్పుడు దాని మీదే 210 డాలర్లు. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఆవిడకి గుమ్మం దగ్గర బిల్లు వస్తుంది. పార్శిల్ వద్దంటుంది. తిరిగి రావాలంటే ఆ కొరియర్ ఖర్చు మీదే, లేదంటే సరుకు అక్కడే వదులుకోవాలి. అందుకని రెండు ధరలు చెప్పండి: సుంకం మీరే కట్టి పంపితే ఇంత, ఆవిడ కట్టుకుంటే ఇంత. కొరియర్ వాళ్లు మొదటిదాన్ని డీడీపీ, రెండోదాన్ని డీఏపీ అంటారు. పోస్టాఫీసులో అమెరికా పార్శిల్‌కి బుకింగ్ అప్పుడే సుంకం వసూలు చేసే పద్ధతి వచ్చింది. మొదటి ఆర్డర్లకి నేను డీడీపీయే చెప్తాను. కొనేవాళ్లకి ధర ఒక్కసారే తెలుస్తుంది, తర్వాత గొడవ ఉండదు.

ఒక బుట్ట లేసు, ఐదు కోడ్‌లు

అందరూ తప్పు చేసేది ఇక్కడే. సుంకం ఎంతన్నది హెచ్‌ఎస్ కోడ్‌ని, అంటే కస్టమ్స్ వాళ్లు ఒక్కో రకం సరుకుకి వాడే నంబరుని, బట్టి ఉంటుంది. మనకి అన్నీ లేసే. అదే క్రోషా సూది, అదే నూలు దారం. కస్టమ్స్‌కి మాత్రం సరుకు చివరికి ఏ రూపంలో తయారైందన్నది ముఖ్యం.

గజాల లెక్కన అమ్మే అంచు లేసు, విడి పువ్వులు అయితే చేతి లేసు కింద 5804 30. అవే పువ్వులు కలిపి టేబుల్ క్లాత్ చేస్తే 6302 40. బెడ్ కవర్ అయితే 6304 11. కుషన్ కవర్ అయితే 6304 91. మీ జర్మనీ కర్టెన్లు 6303లోకి వెళ్తాయి. ఆడవాళ్ల టాప్ అల్లితే అది మళ్లీ 61వ అధ్యాయం, దుస్తులు. కోడ్‌లో మొదటి ఆరు అంకెలు దాదాపు దేశాలన్నిటికీ ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివి. మన దేశానికి ఎనిమిది అంకెలు రాయాలి, అవి కస్టమ్స్ బ్రోకర్‌తో ఒకసారి సరిచూయించుకోండి.

మా దగ్గరికొచ్చే ఇన్వాయిస్‌ల్లో సగం “లేస్ ఐటమ్స్ – 3” అని ఉంటాయి. దాన్ని చూసి ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడి అధికారి తనకి తోచిన కోడ్ వేస్తాడు, అది సాధారణంగా మనకి ఖరీదైనదే అవుతుంది. మీది ఇలా రాయండి: “టేబుల్ క్లాత్, చేత్తో క్రోషా అల్లినది, 100 శాతం నూలు, గుండ్రటిది, 60 అంగుళాలు, తెలుపు, 3 పీసులు, ఒక్కోటి 140 అమెరికా డాలర్లు, ఇండియాలో తయారు.” ఇంగ్లీషులో రాస్తే ఒకటిన్నర లైను. ఆ ఒకటిన్నర లైనులో కోడ్‌కి, సుంకానికి, బ్యాంకుకి, రేపు పోతే పరిహారానికి కావాల్సిందంతా ఉంటుంది. పీసు మీద లేబుల్ కూడా కుట్టండి. దారం ఏమిటి, ఎక్కడ తయారైంది అన్నది అమెరికాలో తప్పనిసరి. నూలు అని రాసి పాలిస్టర్ కలిసిన దారం వాడొద్దు. ఏజెంట్లు అమ్మే చవక కండెల్లో అది ఉంటోంది. ఒక పోగు తీసి కాల్చి చూడండి, నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, పాలిస్టరైతే కరిగి ముద్ద కడుతుంది.

డబ్బు మరిది ఖాతాలోకి వద్దు

ఇది మీకు చిన్న విషయంగా అనిపించొచ్చు. నా దృష్టిలో గిఫ్ట్ అని రాయడం కన్నా పెద్ద చిక్కు ఇదే.

విదేశం నుంచి వచ్చే ప్రతి రూపాయికీ బ్యాంకు ఒక పర్పస్ కోడ్ వేస్తుంది. మరిది ఇంటికి పంపితే అది పీ1301, కుటుంబ పోషణకి వచ్చినట్టు. మీ సరుకుకి ముందుగా వచ్చిన డబ్బైతే పీ0103. పార్శిల్ వెళ్లినట్టు కస్టమ్స్ నుంచి లెక్క రిజర్వు బ్యాంకు వాళ్ల ఈడీపీఎంఎస్ అనే వ్యవస్థలోకి పోతుంది. దాని ఎదురుగా డబ్బు వచ్చినట్టు చూపించాలి. పీ1301తో వచ్చింది దానికి జత కలవదు. సరుకు వెళ్లింది, డబ్బు రాలేదు అని మీ పేరు మీద నిలిచిపోతుంది. అవతల మరిదికేమో తనది కాని రాబడి అక్కడి పన్ను లెక్కల్లో తగులుకుంటుంది.

డబ్బు రాబట్టుకోవడానికి గడువు ఎగుమతి తేదీ నుంచి 9 నెలలుండేది, 2025 నవంబరులో దాన్ని 15 నెలలు చేశారు. చిన్నవాళ్లకి ఇంకో వెసులుబాటు కూడా అదే ఏడాది అక్టోబరులో ఇచ్చారు: 10 లక్షల లోపు బిల్లులైతే డబ్బు వచ్చిందని మీరు రాసిచ్చిన డిక్లరేషన్‌తోనే బ్యాంకు ఆ పద్దు మూసేయొచ్చు. మా వైపు బ్రాంచీల్లో కొందరికి ఈ సంగతి ఇంకా తెలియదు. విసుక్కోకుండా, ఆ సర్క్యులర్ ప్రింటు తీసుకుని వెళ్లి చూపించండి.

కాగితాలు, వరసగా

ముందు పాన్, కరెంటు ఖాతా. తర్వాత విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర కార్యాలయం డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో ఐఈసీ. ఇప్పుడు మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు. ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు. ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు వేలల్లో లాగుతున్నాయి, జాగ్రత్త. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు అందులో వివరాలు సరిచూసి అప్‌డేట్ కొట్టాలి. ఏమీ మారకపోయినా సరే కొట్టాలి, లేదంటే పనిచేయకుండా ఆపేస్తారు.

తర్వాత మీ బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు తీసుకునే బ్యాంకు బ్రాంచీ నంబరు) ఉత్తరం, దాన్ని కస్టమ్స్ పోర్టల్‌లో నమోదు చేయడం. ఆ తర్వాత జీఎస్టీ. 40 లక్షల దాకా అక్కర్లేదు కదా అంటారు, ఎగుమతిని రాష్ట్రం దాటిన అమ్మకంగా లెక్కిస్తారు కాబట్టి ఆ హద్దు మీకు వర్తించదు. హస్తకళల వస్తువులకి కొన్ని సడలింపులున్నాయి, అవి మీకు వస్తాయో రావో ఆడిటర్ని అడగండి. కొరియర్లో వ్యాపార పార్శిల్ పంపడానికి మాత్రం జీఎస్టీ నంబరు అడుగుతారు, ఉంటేనే మంచిది. ఎల్‌యూటీ అనే హామీపత్రం పెట్టుకుంటే పన్ను కట్టకుండానే ఎగుమతి చేయొచ్చు, అది ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరమే పెట్టాలి.

పంపడానికి రెండు దారులు. కొరియర్ అయితే సీఎస్‌బీ-5, అంటే వ్యాపార సరుకుకి వాడే కొరియర్ షిప్పింగ్ బిల్లు, కింద పంపమని నోటితో అడగండి. సీఎస్‌బీ-4 అంటే గిఫ్టులకి, శాంపిళ్లకి. కుర్రాడు అలవాటుగా అదే వేసేస్తాడు. పోస్టు అయితే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం (పోస్టాఫీసు ఎగుమతి కేంద్రం), అక్కడ పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి పత్రం కంప్యూటర్లోనే పెట్టొచ్చు. ఒకటి రెండు పీసులకి పోస్టు చవక, తొందర ఉంటే కొరియర్.

జర్మనీ ఆర్డరు ప్రస్తుతానికి ఆపండి

అవును, వచ్చిన బేరం వదులుకోమంటున్నాను. కారణం ఉంది. 2024 డిసెంబరు 13 నుంచి యూరోపియన్ యూనియన్‌లో వస్తు భద్రత నిబంధన, జీపీఎస్‌ఆర్ అంటారు, అమల్లోకి వచ్చింది. అక్కడి మామూలు వినియోగదారుకి అమ్మే వస్తువుకి అక్కడే చిరునామా ఉన్న బాధ్యుడొకరు ఉండాలి. చేత్తో అల్లింది కదా అని మినహాయింపు లేదు. దానికి తోడు ఎంత చిన్న పార్శిల్ అయినా వ్యాట్ ఉంది, జర్మనీలో 19 శాతం. 150 యూరోల లోపు వాటికి ఇన్నాళ్లూ సుంకం లేదు, 2026 జూలై 1 నుంచి 3 యూరోల చొప్పున వేయాలని అక్కడి సభ్యదేశాలు 2025 డిసెంబరులో ఒప్పుకున్నాయి.

రంగు దారం సంగతి వేరే. అజో అనే రసాయన రంగుల్లో కొన్ని అక్కడ నిషేధం. తెలుపు, క్రీము వరకు అల్లుతున్నంత కాలం దానితో మీకు పెద్ద పని లేదు. మెరూన్, నలుపు అడిగితే పరీక్ష సర్టిఫికెట్ ఉన్న మిల్లు దారమే కొనండి, కండె లేబుళ్లు పారేయకుండా దాచండి.

యూరప్‌కి తేలికైన దారి, అక్కడి ఏదైనా దుకాణానికి అమ్మడం. వాళ్లే దిగుమతిదారులు అవుతారు, బాధ్యత వాళ్లది. కర్టెన్లు అడిగినాయనకి మర్యాదగా ఆ మాటే రాయండి.

చంటిపిల్లల టోపీలు, గౌన్లు కూడా మొదటి ఏడాది ఒప్పుకోకండి. అమెరికాలో 12 ఏళ్ల వరకు ఉన్న పిల్లల వస్తువులకి పరీక్షల నిబంధనలు వేరే ఉన్నాయి.

దుబాయ్ నుంచి బేరం వస్తే మాత్రం వదలకండి. 2022 మే 1 నుంచి యూఏఈతో మనకి వాణిజ్య ఒప్పందం ఉంది, అదే ఏడాది డిసెంబరు 29 నుంచి ఆస్ట్రేలియాతో. సరుకు ఇక్కడ తయారైందని ఆన్‌లైన్లో సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ తీసుకుంటేనే సుంకం తగ్గింపు వస్తుంది. ఆ సర్టిఫికెట్ లేకుండా పంపి, కొన్నవాళ్ల చేత పూర్తి సుంకం కట్టించినవాళ్లని చాలామందిని చూశాను.

ఆస్ట్రేలియా అంటే గుర్తొచ్చింది. అంతర్వేది వైపు నుంచి పంటు మీద సరుకు తెచ్చే ఒక పెద్దావిడ మడత మడతకీ ఎండు వేపాకు పెట్టేది, పురుగు పట్టకుండా. ఇంట్లో పట్టుచీరలకి పెట్టినట్టే. అలాగే కట్టి పంపేశాం, మేమూ విప్పి చూడలేదు. ఆస్ట్రేలియాలో ఎండుటాకైనా మొక్కలకి సంబంధించిందే. తనిఖీలో పట్టుకుని ఆపారు. శుద్ధి ఖర్చు కొన్నవాళ్ల మీద పడింది, వాళ్లు మళ్లీ ఆర్డరివ్వలేదు. వేపాకు, కర్పూరం, పసుపు గుడ్డ, ఎండుగడ్డి ఏవీ పెట్టొద్దు. పలచని తెల్ల కాగితం, సిలికా జెల్ సంచి చాలు.

మిషను లేసు, జీఐ ముద్ర

నర్సాపురం క్రోషా లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని తెలిపే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అది వచ్చింది కదా అని మీ పేజీలో ఆ లోగో పెట్టేయకూడదు, అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. దరఖాస్తు పెట్టండి, ఏళ్లుగా అల్లుతున్న మీకు దక్కాల్సిందే అది. ఆర్డరు పెద్దదై చేతులు చాలనప్పుడు ఏజెంటు మిషను లేసు అంచు తెచ్చి కలిపేద్దామంటాడు. ఒప్పుకోవద్దు. ‘చేత్తో అల్లింది’ అని ఇన్వాయిస్‌లో రాశాక ఒక్క గజం మిషను లేసు కలిసినా ఆ కాగితం అబద్ధమైపోతుంది, కోడ్ కూడా మారిపోవచ్చు. తిరగేసి చూస్తే తెలిసిపోతుంది: మిషను పువ్వులన్నీ అచ్చు ఒక్కలాగే ఉంటాయి, మన చేతి పువ్వుకి ముడి ఉన్నచోట వెనక చిన్న బుడిపె తగులుతుంది.

ఎవరి పేరున

మీ పేరునే తీసుకోండి. అత్తగారి పేరున తీసుకుని మీరు నడిపితే ఫోన్ ఓటీపీ దగ్గర నుంచి బ్యాంకు సంతకం దాకా ప్రతిదానికీ ఆవిడ కదలాలి. మీవారి పేరున అయితే, అల్లేది మీరు, కాగితాల మీద ఎగుమతిదారు ఆయన అవుతారు. రేపు రుణం కావాలన్నా, జీఐలో పేరు చేర్చాలన్నా, ఏ హస్తకళల పథకానికి రాయాలన్నా మీరు కొత్తగా రుజువు చేసుకోవాల్సి వస్తుంది. మా గోడౌన్ రిజిస్టర్లలో ఎగుమతిదారుల పేర్ల పక్కన ఆడవాళ్ల పేర్లు లెక్కపెట్టడానికి నాకు ఒక చేతి వేళ్లు సరిపోయేవి, సరుకంతా అల్లింది వాళ్లే అయినా. ఇకనైనా అది మారాలని నా కోరిక. తొమ్మిది మందీ కలిసి సంఘంగా చేద్దామనుకుంటే సంఘానికి వేరే పాన్, ఖాతా ఉండాలి. అది నిదానంగా చేసుకోవచ్చు. ఈలోపు ఎవరు ఏ పీసు అల్లారో, పీసుకి ఎంతిచ్చారో ఒక నోటుబుక్కులో తేదీతో రాసి సంతకాలు పెట్టించండి. దుకాణాలకి అమ్మే రోజు వస్తే వాళ్లు మొదట అడిగేది ఆ పుస్తకమే.

ఈ సోమవారం బ్యాంకుకెళ్లి కరెంటు ఖాతా ఫారం తెచ్చుకోండి. ఐఈసీ వచ్చాక మూడు టేబుల్ క్లాత్‌ల ఇన్వాయిస్ మీరే రాసి ఇక్కడ కింద పెట్టండి, పేర్లు, చిరునామాలు తీసేసి. పంపేలోపు లైను లైనూ చూసి చెప్తాను.